నిద్ర లేచిన చిప్పుకు ఒక్క మిల్లీ సెకను

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చిన దాతలకు సలాం.

మీరిచ్చిన కిట్లతో పిల్లలు ఏం చేశారని చాలామంది అడిగారు. సాగర్ ఎడమ కాలువ కింది వరి మడిలో నీటి మట్టం కొలిచి, ఫోనుకు కబురు పంపే చిన్న పెట్టె చేశారు. అందులోని మైక్రోకంట్రోలర్‌ను పక్కనున్న గడియారం చిప్పు గంటకోసారి లేపుతుంది. పని కాగానే మళ్లీ నిద్రపోతుంది. నిద్రలో దానికి మైక్రో ఆంపియర్లు చాలు, మెలకువలో మిల్లీ ఆంపియర్లు కావాలి. బ్యాటరీ నెలల తరబడి వచ్చేది ఈ నిద్ర వల్లే.

అయితే కబురులో మొదటి అక్షరాలు పిచ్చిగీతల్లా వచ్చేవి, మిగతావి బాగానే ఉండేవి. పిల్లలు వైర్లు మార్చారు, బ్యాటరీ మార్చారు. లోపం అక్కడ లేదు.

చిప్పును నడిపించేది ఒక క్వార్ట్జ్ స్ఫటికం. సెకనుకు 1 కోటి 60 లక్షల సార్లు కంపిస్తుంది. చిప్పు గాఢ నిద్రలోకి పోతే ఆ కంపనం ఆగిపోతుంది. మళ్లీ మొదలవడం ఊయల ఊగినట్టే, ఒక్క తోపుకే పూర్తి ఊపు రాదు. సర్క్యూట్‌లోని అతి సన్నని అలజడితో మొదలై కొంచెం కొంచెంగా పెరగాలి. విచిత్రమేమంటే, శక్తిని వృథా చేయని మంచి స్ఫటికమే ఊపందుకోవడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంది.

అందుకే మేం వాడే ఏటీమెగా328 చిప్పులో ఒక ఏర్పాటుంది. స్ఫటికం 16,384 సార్లు కంపించాకే ప్రోగ్రామ్ మొదలవుతుంది. 258కే వదిలేసే ఏర్పాటూ ఉంది, కానీ అది సిరామిక్ రెజొనేటర్ల కోసం. బ్యాటరీ మిగులుతుందని పిల్లలు దాన్నే పెట్టారు. ఎంత మిగిలిందో ఒక అమ్మాయి బోర్డు మీద లెక్కేసింది: లేచినప్పుడల్లా ఒక మిల్లీ సెకను, రోజుకు 24, ఏడాదికి 9 సెకన్లు కూడా కాదు! 16,384కు మార్చగానే అక్షరాలు కుదురుకున్నాయి.

స్ఫటికం అక్కర్లేని ఆర్‌సీ ఆసిలేటర్ చిప్పులోనే ఉంది. కొన్ని మైక్రో సెకన్లలో లేస్తుంది. కానీ మన మే నెల ఎండకు దాని వేగం మారుతుంది. వేగం కొన్ని శాతం తప్పినా అక్షరం చెడుతుంది.

ఈ లోపం పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. మిల్లీ సెకనులో జరిగేది మల్టీమీటరుకు కనిపించదు, ఆసిలోస్కోపుకు కనిపిస్తుంది. ఈ ఏడు కొత్త కిట్లు వద్దు. ఆ ఒక్కటి కొనివ్వండి. నెలకో ఊరు చొప్పున మూడు ఊళ్లకూ తిప్పుకుంటాం.