అంతరాయం



ఈ రోజు ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. నల్లబల్ల మీద చూడండి. అం - త - రా - యం. నాలుగు అక్షరాలు. అందరూ ఒకసారి పలకండి. అంతరాయం.

మన ఇళ్ళల్లో ఈ మాట అంతగా వాడం. "కరెంటు పోయింది", "పనికి అడ్డం వచ్చింది" అంటాం. పేపర్లో మాత్రం ఇలా రాస్తారు: "మరమ్మతుల వల్ల రేపు ఉదయం 9 నుంచి 12 గంటల వరకు విద్యుత్ సరఫరాకు అంతరాయం కలుగుతుంది." ఇది చదవగలిగితే ముందురోజే పిండి ఆడించుకుంటాం. మోటారు వేసి నీళ్ళు పట్టుకుంటాం.

వెనకటి రోజుల్లో దూరదర్శన్‌లో సినిమా మధ్యలో బొమ్మ ఆగిపోయేది. తెర మీద "అంతరాయానికి చింతిస్తున్నాం" అని వచ్చేది. చదువు రానివాళ్ళకు టీవీ చెడిందో, సినిమా ఆగిందో తెలిసేది కాదు.

ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట. అంతరం అంటే ఎడం. మిరప నారు నాటేటప్పుడు మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం వదులుతాం కదా! అలాగే జరుగుతున్న పని మధ్యలో వచ్చే ఎడం అంతరాయం. ఎడం లేకుండా సాగితే 'నిరంతరం' అంటాం.

'ఆటంకం' దీనికి దగ్గరి మాట. దారికి అడ్డంగా చెట్టు పడింది. ఆ చెట్టు ఆటంకం. బస్సులు గంటసేపు ఆగాయి. అది రాకపోకలకు అంతరాయం. చెట్టు తీస్తే బస్సు కదులుతుంది. కాబట్టి పని ఆగినప్పుడు ఆటంకం ఏమిటో ముందు చూడాలి.

ఈ మాట అర్జీలో పనికొస్తుంది. "అయ్యా, మా వీధిలో నాలుగు రోజులుగా మంచినీటి సరఫరాకు అంతరాయం కలుగుతోంది. దయచేసి సరిచేయించండి." ఎన్ని రోజులో తప్పక రాయాలి. తేదీ వేసి సంతకం చేయాలి. ఒక నకలు మన దగ్గర ఉంచుకోవాలి. కరెంటు పోతే 1912 నంబరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు.

అంతరాయం ప్రతిసారీ చెడ్డదేనా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతుల్లో సారా గురించి చదివారు. మాట్లాడుకున్నారు. తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో జిల్లాలో ఆడవాళ్ళు సారా వేలం పాటలకే అంతరాయం కలిగించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. 1995లో పూర్తి మద్యనిషేధం కూడా వచ్చింది. దాన్ని 1997లో ఎత్తేశారు. పోరాటానికి కూడా అంతరాయం వస్తుంది మరి.

ఇక మన చదువు సంగతి. నాట్లు వస్తాయి. కోతలు వస్తాయి. ఇంట్లో కాన్పు, పిల్లవాడికి జ్వరం. పది రోజులు తరగతికి రాలేము. పదకొండో రోజు రావడానికి సిగ్గు పడతాం. "నా చదువు అయిపోయిందమ్మా" అంటాం. అలా అనకండి. "నా చదువుకు అంతరాయం వచ్చింది" అనండి. ఎడం తర్వాత మళ్ళీ మొక్క ఉంటుంది.

కానీ ఎడం పెరిగితే అక్షరాలు మరిచిపోతాం. రాలేని రోజుల్లో బస్సు బోర్డు చదవండి. సబ్బు కాగితం చదవండి. పిల్లల పుస్తకం చదవండి. "ఈ వయసులో నీకు చదువెందుకు?" అని ఇంట్లో ఎవరైనా అంటే అది ఆటంకం. రేషను కార్డులో పేర్లు, బ్యాంకు పుస్తకంలో లెక్క చదివి వినిపించండి. వాళ్ళకే తెలిసి వస్తుంది.

సెలవు. రేపు సాయంత్రం మళ్ళీ కలుద్దాం.

మీరు రాయండి

1. అంతరాయం, ఆటంకం, నిరంతరం: ఒక్కో మాటతో ఒక్కో వాక్యం రాయండి.
2. మీ చదువుకు అంతరాయం ఎప్పుడు వచ్చింది? అప్పుడు ఆటంకం ఏమిటి?
3. మీ వీధిలో నీళ్ళకో, దీపాలకో అంతరాయం ఉందా? నలుగురూ కలిసి అర్జీ రాయండి.