సిపాయి జేబులో నాలుగు మాటలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



భాష నేర్పిన గురువుల ముందు భాష గురించి మాట్లాడటం సాహసమే. అందుకే మన బడిలో ఎన్నడూ చెప్పని ఒక వాచకాన్ని ఎంచుకున్నాను. పరాయి దేశం వెళ్లే సైనికుడి జేబులో ఉండే మాటల పుస్తకం అది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా లక్షలాది సైనికులను వాళ్లు ఎన్నడూ చూడని దేశాలకు పంపింది. వ్యాకరణం నేర్పే వ్యవధి లేదు. యుద్ధశాఖ ఫ్రెంచి, జర్మన్ మొదలైన భాషలకు చిన్న పుస్తకాలు అచ్చువేసింది. కొన్నిటికి గ్రామఫోను రికార్డులు కూడా జోడించింది. ఇంగ్లీషు మాట పక్కన పరభాషలో దాన్ని ఎలా పలకాలో ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశారు. బి-యు-టి 'బట్' అయితే పి-యు-టి 'పుట్' ఎందుకయిందని మాస్టారిని అడిగినవాళ్లం మనం. ఆ అక్షరాలతో ఫ్రెంచి పలుకు రాయడం ఎంత అవస్థో ఊహించగలరు. మాటను ముక్కలు చేసి, నడుమ అడ్డగీతలు పెట్టి నెట్టుకొచ్చారు.

అసలు చిక్కు పలకడంలో లేదు. "దారి ఎటు?" అని పుస్తకం చూసి అడగవచ్చు. ఎదుటి మనిషి గడగడా చెప్పే జవాబు పుస్తకంలో ఉండదు. అందుకే "అవుననో కాదనో చెప్పండి", "వేలితో చూపండి" వంటి మాటలు అవసరమయ్యాయి.

2001 తర్వాత అఫ్ఘానిస్తాన్‌లో సైనికుల చేతికి 'ఫ్రేజలేటర్' అనే యంత్రం వచ్చింది. ఇంగ్లీషులో వాక్యం చెబితే ముందే రికార్డు చేసిన పష్తో, దరీ వాక్యం వినిపించేది. అవతలివాళ్ల జవాబును మాత్రం ఇంగ్లీషులోకి మార్చలేకపోయేది. సైనికుడికి నోరు దొరికింది కానీ చెవి దొరకలేదు.

ఇది చిన్న లోటు కాదు. 2003 తర్వాత ఇరాక్‌లో సైనికుల తనిఖీ కేంద్రాల దగ్గర, ఆగమన్న సైగ అర్థంకాక కారు ఆపని కుటుంబాలు కాల్పులకు బలయ్యాయి.

అదే ఇరాక్ గురించి 1943లో అమెరికా తన సైనికులకు ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. అందులో అరబిక్ మాటలున్నాయి. వాటితోపాటు మసీదులో అడుగుపెట్టవద్దని, కుడిచేత్తోనే తినమని, ముసుగు వేసుకున్న స్త్రీలను తేరిపార చూడవద్దని హితవు కూడా ఉంది. 2007లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని మళ్లీ ప్రచురించింది. అప్పటికి అమెరికా సైన్యం మళ్లీ ఇరాక్‌లోనే ఉంది. మర్యాద తెలియకుండా మాటలు మాత్రమే మోసుకెళ్తే చాలదని ఆ పుస్తకం అరవై ఏళ్ల ముందే గ్రహించింది.

మన బడి పిల్లలు కొందరు రేపు సైన్యంలో చేరతారు. కొందరు పొట్టకూటికి గల్ఫ్‌కో, చదువుకు మరో దేశానికో వెళ్తారు. ఏ దేశం వెళ్లినా "కావాలి", "ఇవ్వండి", "ఎంత?" అనే మాటలు రెండు రోజుల్లో వచ్చేస్తాయి. వాటికంటే ముందు "కాస్త నెమ్మదిగా చెప్పండి, వింటున్నాను" అనే మాట ఆ దేశపు భాషలో నేర్చుకుని వెళ్లమని గురువులు వాళ్లకు చెప్పాలని నా విన్నపం.