ఇంజను లోపలి చిన్న తలుపు



ఇవాళ్టి మాట కారు ఇంజను గురించి. "మనకు కారెక్కడిది?" అని నవ్వకండి. కారు కొన్నవాళ్లకే ఇంజను సంగతి తెలియాలని ఎక్కడా రాసి లేదు. మాదాపూర్‌లో కారే కూడు పెడుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఒక ఇంట్లో మొగుడు క్యాబు నడుపుతాడు. ఇంకో ఇంట్లో కొడుకు నడుపుతాడు. ఆడవాళ్లూ స్టీరింగు పట్టారు. 2015లో హైదరాబాదులో మహిళా డ్రైవర్ల కోసం తెలంగాణ ప్రభుత్వం 'షీ క్యాబ్' పథకం మొదలుపెట్టింది. బండి షెడ్డులో పడితే ఆ రోజు సంపాదన లేదు. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

మాదాపూర్ ఒకప్పుడు చిన్న ఊరు. గుట్టలు, బండరాళ్లు, పక్కన దుర్గం చెరువు. 1998లో ఇక్కడ సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత ఆఫీసులు వరస కట్టాయి. ఆఫీసులు వదిలే వేళ చూడండి. కార్లు చీమల బారులా ఉంటాయి. బండి కదలదు, ఇంజను మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఎదురుగాలి తగలదు. వేడి విషయంలో ఏ లోపం ఉన్నా అక్కడే బయటపడుతుంది.

ఒక అక్క ఉందనుకుందాం. క్యాబు నడుపుతుంది. ఒక సాయంత్రం ట్రాఫిక్‌లో ఉండగా వేడి చూపే ముల్లు పైకి పాకింది. ఆ మీటరులో ఒక కొసన 'సి' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అంటే చల్లన. ఇంకో కొసన 'హెచ్' ఉంటుంది. అంటే వేడి. ముల్లు సుమారుగా నడుమ ఉండాలి. కొన్ని కొత్త కార్లలో ముల్లు లేదు, ఎర్ర దీపమే వెలుగుతుంది. ముల్లు 'హెచ్' దగ్గరికి పోయేసరికి అక్క బండి పక్కకు తీసి ఆపింది. మంచి పని చేసింది. అలాగే నడిపితే ఇంజను హెడ్డు వంగిపోవచ్చు. అప్పుడు ఖర్చు వేలల్లోకి పోతుంది.

రేడియేటరు మూత మాత్రం తియ్యలేదు. ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. ప్రెషర్ కుక్కరు ఆవిరి మీద ఉండగా మూత లాగుతామా? ఇదీ అంతే. లోపలి నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. చర్మం ఊడేలా కాలుతుంది. ఇంజను పూర్తిగా చల్లారాలి. గంట పట్టినా సరే.

అక్క మొదట కూలెంటు సీసా చూసింది. నీళ్లు తగ్గలేదు. ఎక్కడా కారడం లేదు. ఫ్యాను తిరుగుతోంది. మరి వేడి ఎందుకు ఎక్కింది?

ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య ఒక చిన్న తలుపు ఉంటుంది. దాని పేరు థర్మోస్టాట్. అరచేతిలో ఇముడుతుంది. దాని కడుపులో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బుతుంది. ఉబ్బి తలుపును నెడుతుంది. చల్లారితే స్ప్రింగు తలుపును మళ్లీ మూస్తుంది. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. ఈ మైనం ఉపాయం 1934లో సెర్జియస్ వెర్నే అనే ఆయన కనిపెట్టాడు. పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు తలుపు మూసి ఉంటుంది, ఇంజను త్వరగా వేడెక్కుతుంది. చాలా కార్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు వేడి నీళ్లు రేడియేటరుకు పోయి చల్లబడి వస్తాయి.

ఈ తలుపు తెరుచుకోకుండా పట్టేస్తే నీళ్లకు దారి లేదు. దాన్ని పసిగట్టే పద్ధతి సులువు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చెయ్యాలి. రేడియేటరు పై గొట్టాన్ని అప్పుడప్పుడు తాకి చూడాలి. మొదట చల్లగా ఉంటుంది. ముల్లు నడుమకు వచ్చాక గొట్టం గబుక్కున వేడెక్కాలి. ముల్లు పైకి పోతున్నా గొట్టం చల్లగానే ఉంటే అనుమానం థర్మోస్టాట్ మీదే. చీర కొంగు, జడ, చేతులు ఫ్యానుకు దూరంగా ఉంచాలి. ఇంజను ఆపినా ఆ ఫ్యాను తిరగొచ్చు.

అక్క బండికి గొట్టం చల్లగానే ఉంది. షెడ్డులో మెకానిక్కు ఏమన్నాడు? "మన ఎండలకు ఇదెందుకమ్మా, తీసి పారేద్దాం" అన్నాడు. ఈ మాట చాలా చోట్ల వినిపిస్తుంది. వినకూడదు. తలుపు లేకపోతే ఇంజను సరిగ్గా వేడెక్కదు. నూనె ఎక్కువ తాగుతుంది. లోపల అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అయితే నీళ్లు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి, వేడి ఇంకా ఎక్కుతుంది.

"కొత్తది వెయ్యి, పాతది నాకు చూపించు" అంది అక్క. పాతదాన్ని దారంతో కట్టి గిన్నెలో నీళ్లలోకి వేలాడదీశారు, అడుగుకు తగలకుండా. పొయ్యి మీద పెట్టారు. నీళ్లు తెర్లినా తలుపు కదల్లేదు. ఇక సందేహం లేదు. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు. కూలెంటు విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు, కుక్కలు నాకుతాయి. ఒలికితే కడిగెయ్యాలి.

పాతదాని మీద 82 అని అచ్చు ఉంది. అదే తెరుచుకునే వేడి. కొత్తదాని మీదా అదే అంకె ఉందా అని అక్క చదివి చూసుకుంది. బిల్లు మీద సామాను పేరు, ధర కూడా చూసుకుంది.

మార్చే పని పెద్దది కాదు. చల్లారిన ఇంజను నుంచి కొంత కూలెంటు కింద గిన్నెలోకి దించాలి. పానాతో బోల్టులు విప్పి మూత తియ్యాలి. పాతది ఎటు తిరిగి ఉందో చూసుకుని, కొత్తది అలాగే పెట్టాలి. మామూలుగా స్ప్రింగు ఇంజను వైపు ఉంటుంది. తిరగేసి పెడితే పని చెయ్యదు. పాత ప్యాకింగు గీకి, కొత్త ప్యాకింగు వెయ్యాలి. బోల్టులు సమానంగా, మితంగా బిగించాలి. తర్వాత కంపెనీ చెప్పిన కూలెంటు పొయ్యాలి. ఉత్త కుళాయి నీళ్లు పోస్తే లోపల తుప్పు, పాచి పడతాయి.

లోపల గాలి బుడగ మిగిలితే మళ్లీ వేడెక్కుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్టు చేసి, బుడగలు పోయేదాకా కూలెంటు కొద్దికొద్దిగా పోసి మూత బిగించారు. ఈసారి ముల్లు నడుమకు రాగానే పై గొట్టం వేడెక్కింది.

మర్నాడు పొద్దున, బండి తియ్యకముందు, అక్క కూలెంటు సీసా మీది రెండు గీతలు చూసింది. మట్టం కొంచెం దిగింది. పై గీత దాకా పోసి, కొండాపూర్ వైపు మొదటి బేరానికి వెళ్లింది.