వీగన్ భోజనంతో నోటి దుర్వాసన పోతుందా?

మాంసం, చేపలు, గుడ్లతోపాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేస్తే ఏళ్లుగా వేధిస్తున్న నోటి దుర్వాసన పోతుందా? కొందరికి కాస్త తగ్గవచ్చు. నాలుక వెనుక భాగంలో, చిగుళ్ల సందుల్లో చేరిన బ్యాక్టీరియా ప్రొటీన్లను విడగొట్టి హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ వాయువులను వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు మొదటిదానిదే.

కానీ ప్రొటీన్ పప్పుల్లోనూ ఉంది. వెల్లుల్లి కారం, పచ్చి ఉల్లిపాయ కూడా వీగన్ భోజనమే! వెల్లుల్లిలోని గంధక పదార్థం రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. ఎంత పుక్కిలించినా వెంటనే పోదు.

చాలామందికి సమస్య పుట్టేది నోట్లోనే. అందుకే ఏం తిన్నా రోజూ నాలుక గీసుకోవాలి, పళ్ల సందులు శుభ్రం చేసుకోవాలి, నోరు ఎండిపోకుండా నీళ్లు తాగాలి. వీగన్ భోజనానికి మారినవారు డాక్టరు సలహాతో విటమిన్ బి12 కూడా తీసుకోవాలి. అయినా వాసన తగ్గకపోతే, సిగ్గుపడకుండా దంతవైద్యుణ్ణి కలవండి.