వాచీ లెక్కపెట్టేది గుండెనా, అడుగులనా?

(సంఘం స్వర్ణోత్సవాల్లో ఆరోగ్యంపై జరిగిన మధ్యాహ్న సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను గుండె గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. నేను డాక్టర్ని కాను. ఆసుపత్రుల్లో ఈసీజీ యంత్రాలు, మానిటర్లు బాగుచేసే ఇంజనీరుని. కాబట్టి మందుల జోలికి పోను. గుండె వేగం చూపించే యంత్రం ఎప్పుడు తప్పు చెబుతుందో, అది తప్పో కాదో మనం ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతాను. ఇప్పుడు ఈ హాల్లో సగం చేతులకు ఆ వాచీలున్నాయి. పిల్లలు సెలవులకు వస్తూ అమ్మకొకటి, నాన్నకొకటి తెచ్చి పెడుతున్నారు. పొద్దున్నే కాలవగట్టు మీద నడిచొచ్చి ఆ అంకెలు వాట్సాప్‌లో పెట్టుకోవడం మన బ్యాచ్‌లన్నింటికీ అలవాటైంది.

ఆ అంకెల వల్ల మన మిత్రులిద్దరికి ఏం జరిగిందో చెబుతాను. పేర్లు అడగొద్దు. ఒకాయన నడుస్తుంటే వాచీ 168 చూపించింది. ఆయన వయసు 64. భయపడి మూడు నెలలు నడక మానేశాడు. ఈలోగా షుగరు పెరిగింది. తర్వాత చేత్తో నాడి చూస్తే, అదే నడకకు 104 ఉంది. రెండో ఆయనది తిరగబడ్డ కథ. కూర్చున్నా ఛాతీ పట్టీ 150 చూపిస్తోందని బ్యాటరీ మార్చాడు, పట్టీ మార్చాడు, చివరికి వాచీ కూడా మార్చాడు. యంత్రంలో లోపమేమీ లేదు. గుండె నిజంగానే లయ తప్పి పరిగెడుతోంది. దేవుడి దయవల్ల సమయానికి డాక్టరు దగ్గరికి చేరాడు. మొదటాయన తప్పుడు అంకెను నమ్మాడు, రెండో ఆయన నిజమైన అంకెను నమ్మలేదు. ఇద్దరూ చేయని పని ఒక్కటే: మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి చూసుకోవడం.

ముందు వాచీ ఎలా పనిచేస్తుందో చూద్దాం. వాచీ వెనక పచ్చ దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా చర్మం కింద రక్తం కాస్త పెరుగుతుంది, తిరిగొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను వాచీ లెక్కపెడుతుంది. అంటే అది చూసేది గుండెను కాదు, చేతిలో రక్తపు అలను. చెయ్యి ఊగినా, వాచీ జారినా, మణికట్టు వంగినా అటువంటి అలలే వస్తాయి. వాటిని వేరుచేయడానికి లోపల కదలికను కొలిచే సెన్సర్ ఒకటి, లెక్కలు కట్టే ప్రోగ్రాం ఒకటి ఉంటాయి. అవి చాలాసార్లు నెగ్గుతాయి, కొన్నిసార్లు ఓడిపోతాయి.

అవి ఎక్కడ ఓడిపోతాయో చెప్పడానికి మన కూచిపూడిని మించిన ఉదాహరణ లేదు. వాచీ పెట్టుకుని అడుగులు సాధన చేసే పిల్లను ఊహించుకోండి. మొదటి కాలంలో నిమిషానికి 75 అడుగులు పడుతున్నాయనుకుందాం. రెండో కాలంలో అవే 150 అవుతాయి. కాలం మారిన కొన్ని క్షణాలకే వాచీ కూడా 150కి గెంతితే అనుమానించాలి. గుండెకు రెండో కాలం, మూడో కాలం అంటూ ఉండవు. అది మెట్టు మెట్టుగా ఎక్కుతుంది, మెట్టు మెట్టుగా దిగుతుంది. అంకె తాళంతోపాటే గెంతిందంటే వాచీ గుండెను వదిలేసి పాదాన్ని పట్టుకుందన్నమాట. దానికి తోడు హస్తాలు పట్టేటప్పుడు మణికట్టులో నరాలు కదులుతాయి, గాజులు వాచీని తోస్తాయి. తరంగంలో పళ్ళెం అంచు మీద నిలబడి అడుగు వేస్తున్న పిల్ల వాచీ చూసుకోనూ లేదు, చూసుకోనూ కూడదు. నడకలో జరిగేదీ ఇదే. చురుగ్గా నడిస్తే నిమిషానికి వందకు పైగా అడుగులు పడతాయి, పరుగులో 160 నుంచి 180 దాకా పడతాయి. ఇందాక చెప్పిన మిత్రుడి 168 ఎక్కడ పుట్టి ఉంటుందో మీరే ఆలోచించండి.

దీన్ని పట్టుకోవడం సులువు. టక్కున ఆగి, చెయ్యి కదపకుండా వాచీ చూడండి. రెండు మూడు సెకన్లలో 160 నుంచి 100కి పడిపోతే అది అడుగుల లెక్కే. నిజంగా గుండె వేగమైతే మెల్లగా దిగుతుంది.

వాచీ తప్పు చూపడానికి మిగతా కారణాలు చిన్నవే. మణికట్టు ఎముక మీద పెట్టుకోవద్దు, దానికి రెండు వేళ్ళు పైన పెట్టుకోండి. జారకూడదు, అలాగని రక్తం ఆగేంత బిగించకూడదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచులో బయల్దేరితే చేతుల్లో రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, అల సరిగా అందదు. నాలుగైదు నిమిషాలు ఒళ్ళు వేడెక్కాకే అంకె చూడండి. వాచీ కింద పచ్చబొట్టు ఉంటే కాంతి లోపలికి పోదు, ఆ చెయ్యి వదిలేసి రెండో చేతికి పెట్టుకోండి. సైకిలు హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నా, గతుకుల్లో అదిరినా లెక్క చెడుతుంది. చెమట, నూనె పేరుకున్న అద్దాన్ని మెత్తటి తడిగుడ్డతో తుడవండి.

ఇక ఛాతీకి కట్టుకునే పట్టీ. ఇది గుండె పుట్టించే విద్యుత్తునే పట్టుకుంటుంది కనుక వ్యాయామంలో వాచీ కన్నా నమ్మకమైనది. కానీ చర్మం మీదికి వచ్చేసరికి ఆ విద్యుత్తు ఒక మిల్లీవోల్టు లెక్కలో ఉంటుంది. పొడిచర్మం మీద అది అందదు. ఈసీజీకి ఆద్యుడైన ఐంథోవెన్ మొదట్లో రోగి చేతులను, కాలిని ఉప్పునీళ్ళ జాడీల్లో పెట్టించి గుండె గీత తీశాడు. ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ మన పట్టీ వెనక ఉన్న మెత్తటి పలకలను నీళ్ళతో తడిపి కట్టుకోమనడం కూడా ఆ జాడీల సూత్రమే. మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు చూపించి, చెమట పట్టాక సర్దుకుందంటే తడపలేదనే అర్థం. వదులుగా ఉంటే బిగించండి. పైన జారే సింథటిక్ బనీను రెపరెపలాడినా స్థిరవిద్యుత్తు పుట్టి అంకె గెంతుతుంది. అప్పుడు నూలు బనీను వేసి చూడండి. వాడాక ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేయండి. మీటర్ బిళ్ళను పట్టీ నుంచి ఊడదీసి దాచండి. తడి పట్టీకి తగిలించి ఉంచితే ఒంటి మీద ఉన్నాననుకుని బ్యాటరీని తినేస్తుంది. ఇవన్నీ చేసినా అంకె మధ్యలో మాయమవుతుంటే నాణెం బ్యాటరీ మార్చండి. ఆ తర్వాతే కొత్త పట్టీ మాట.

పాత రకం పట్టీలతో ఇంకో తమాషా ఉంది. తీగలు లేని పట్టీలు 1980ల తొలినాళ్ళలో ఫిన్లాండ్ నుంచి వచ్చాయి. అటువంటి పాత రేడియో పట్టీలు కట్టుకుని ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఒకరి గుండె మరొకరి వాచీలో కనబడేది. భార్యాభర్తలకు అది ముచ్చటే కానీ వైద్యానికి పనికిరాదు. ఇప్పటి బ్లూటూత్ పట్టీలను వాచీకి ఒకసారి జతచేస్తే ఆ గొడవ లేదు.

ఇన్ని చెప్పాక అసలు పరీక్ష చెబుతాను. నాడి చూడటం మన వైద్యులకు తరతరాల విద్య. మనకు వాళ్ళంత నైపుణ్యం అక్కర్లేదు, లెక్క వస్తే చాలు. బొటనవేలి మొదట్లో, మణికట్టు గుంటలో మూడు వేళ్ళు ఆనించండి. బొటనవేలితో చూడకూడదు, దానికీ సొంత నాడి ఉంది. వ్యాయామం ఆపగానే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. ఆలస్యం చేస్తే వేగం దిగిపోతుంది. లెక్కలో ఒకటి తప్పితే ఫలితంలో నాలుగు తేడా వస్తుంది, కాబట్టి వాచీకీ వేళ్ళకీ ఐదారు తేడా ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. ముప్పై, నలభై తేడా ఉంటే వేళ్ళను నమ్మి వాచీని సరిచేయండి.

ఒక్క సందర్భంలో మాత్రం జాగ్రత్త. నాడి సమంగా నడవక, ఒకటి ఎక్కువ ఎడంగా, ఒకటి దగ్గరగా పడుతుంటే 15 సెకన్లు చాలవు. నిమిషమంతా లెక్కపెట్టండి. లయ తప్పినప్పుడు గుండె కొట్టే బలహీనమైన దెబ్బలు కొన్ని మణికట్టు దాకా రావు. అప్పుడు ఛాతీ పట్టీ ఎక్కువ చూపిస్తుంది, వాచీ, వేళ్ళు తక్కువ చూపిస్తాయి. ఆ మూడింటిలోనూ లోపం లేకపోవచ్చు. అది డాక్టరు ఈసీజీ తీసి చూడాల్సిన తేడా. అలాగే, పది నిమిషాలు కూర్చున్నా వేళ్ళకు కూడా 120 దాటి తగులుతుంటే బ్యాటరీ కొనడానికి బజారుకు వెళ్ళకండి, ఆసుపత్రికి వెళ్ళండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం, చల్లటి చెమట ఉంటే ఏ అంకెనూ చూడొద్దు. వాచీ 72 చూపించినా సరే, 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందనే లెక్క వాచీల్లో ఉంటుంది. అది సగటు మాత్రమే. మనిషిని బట్టి పది, పన్నెండు అటూ ఇటూ అవుతుంది. బీపీకి, గుండెకు మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి గుండె వేగమే తగ్గి ఉంటుంది. వారికి ఆ లెక్క వర్తించదు. ఎంతవరకు వెళ్ళొచ్చో డాక్టరునే అడగండి. "ఎంత నడిచినా 100 దాటడం లేదు, వాచీ పాడైంది" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. మందుచీటీ చదవమంటే విషయం బయటపడుతుంది.

చివరగా మాష్టార్లకు, సంఘానికి ఒక మనవి. బడిలో పీటీ పీరియడ్‌లో పరుగుకు ముందొకసారి, తర్వాతొకసారి పిల్లల చేత నాడి లెక్కపెట్టించి పుస్తకంలో రాయించండి. సెకన్ల ముల్లున్న గోడ గడియారం ఒక్కటి చాలు, దాన్ని నేను తెస్తాను. ఆ పిల్లలు ఇంటికెళ్ళి తాతయ్యకు, అమ్మమ్మకు చూస్తారు. మన వయసువాళ్ళకు దానికన్నా మంచి మానిటర్ దొరకదు.

టీ సిద్ధంగా ఉందని సైగ చేస్తున్నారు. లేచే ముందు అందరూ ఒకసారి మణికట్టు మీద వేళ్ళు పెట్టండి. దొరకనివారు పక్కవారి సాయం తీసుకోండి. నేను గడియారం చూస్తాను. పదిహేను సెకన్లు. మొదలుపెట్టండి.