కొత్త విండోస్, పాత స్కానరు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. హిందూపురం, పెనుకొండల్లో డీటీపీ చేసేవాళ్లకూ, ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లను కంప్యూటర్లో గీసేవాళ్లకూ ఇక విండోస్ 11 మాట తప్పదు.

చిక్కంతా ఇక్కడే. విండోస్ 11లో 64 బిట్ రకం ఒక్కటే ఉంది. పాత 32 బిట్ ప్రోగ్రాములు అందులో చాలావరకు నడుస్తాయి. 32 బిట్ డ్రైవర్లు మాత్రం అస్సలు ఎక్కవు. డ్రైవరంటే యంత్రానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీ. అందుకే 2001 నాటి డీటీపీ ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7 తెరుచుకున్నా, పక్కనున్న పాత స్కానరు ఉలకదు, పలకదు. కంపెనీ కొత్త డ్రైవరు రాయకపోతే మంచి స్కానరూ మూలకు చేరాల్సిందే. ఇది నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

మరి లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారితే? వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందులో కొన్ని విండోస్ ప్రోగ్రాములను నడుపుతుంది గానీ, స్కానర్ల విండోస్ డ్రైవర్లకు అది పనికిరాదు. విచిత్రమేమంటే, కంపెనీలు వదిలేసిన పాత ప్రింటర్లు కొన్ని లినక్స్‌లోనే చక్కగా పనిచేస్తాయి.

పాత యంత్రంతో పని సాగుతుంటే దాన్ని నడిపే కంప్యూటర్ని అలాగే ఉంచి, ఇంటర్నెట్ తీసేయండి. మిగతా కంప్యూటర్లను విండోస్ 11కి మార్చేముందు 64 బిట్ డ్రైవరు దొరుకుతుందో లేదో చూసుకోండి. ఫాంట్లు, డిజైన్ ఫైళ్లు వేరే డిస్కులో దాచుకోండి.