పాల మీద ఢిల్లీ మాట, రాష్ట్రం మాట

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సమాఖ్య తరపున చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మాట్లాడవలసిన విషయం చట్టం. చట్టం అనగానే అది వకీళ్ల పని, మన పని గేదె పొదుగు దగ్గర అని అనిపించడం సహజమే. కాని సంఘంలో టెస్టరు రాసే వెన్న శాతం మొదలు పట్నంలో ఇల్లాలు కొనే పెరుగు కప్పు మీది అక్షరాల దాకా అన్నీ చట్టం ప్రకారమే నడుస్తున్నవి. ఆ చట్టాన్ని రాసేది ఎవరు? అమలు జరిపేది ఎవరు? అందులో మన మాట చెల్లేది ఎక్కడ? ఈ మూడు సంగతులు సభ్యులందరూ తెలిసికొని ఉండాలని మా కోరిక.

ఆహార కల్తీ చట్టాలు మొదట రాష్ట్రాల చేతిలోనే ఉండేవి. మద్రాసు ప్రభుత్వం 1918లోనే కల్తీ నివారణ చట్టం చేసింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రభుత్వం కిందనే ఉండేవి. ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క చట్టం అయితే ఒకచోట తప్పయినది మరొకచోట ఒప్పు అవుతుంది. అందుచేత రాజ్యాంగం ఆహార పదార్థాల కల్తీని ఉమ్మడి జాబితాలో 18వ అంశంగా చేర్చింది. అంటే పార్లమెంటు చట్టం చేయవచ్చు, రాష్ట్ర శాసనసభ కూడా చేయవచ్చు. రెండింటికీ పొసగకపోతే 254వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టమే నిలుస్తుంది. రాష్ట్రం చేసిన చట్టం రాష్ట్రపతి ఆమోదం పొందితే ఆ రాష్ట్రం వరకు అది నిలవగలదు. ఈ అధికారంతోనే పార్లమెంటు 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం చేసింది. 1955 జూన్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. పాత రాష్ట్ర చట్టాలు తొలగిపోయినవి.

చట్టం ఒకటయినది గాని పాల అంకె ఒకటి కాలేదు. పశువుల జాతి, మేత, ఎండ ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క తీరుగా ఉంటవని కేంద్రమే ఆ చట్టం కింది నిబంధనలలో రాష్ట్రాన్ని బట్టి అంకె వేసింది. గేదె పాలలో వెన్న ఆంధ్రప్రదేశ్‌లో 5 శాతం ఉంటే చాలు, మహారాష్ట్రలో 6 ఉండాలి. ఆవు పాలకు మన దగ్గర 3.5, పంజాబు, హర్యానాలలో 4, ఒరిస్సాలో 3. ఆదిలాబాదు వైపు గేదె పాలు 5.5 శాతం వెన్నతో ఉంటే మన హద్దులో మంచి పాలు. అదే క్యాను సరిహద్దు దాటితే చట్టం కంట కల్తీ పాలు. గేదె మారలేదు, పాలు మారలేదు, మారినది హద్దు రాయి మాత్రమే.

2017లో సవరించిన ప్రమాణాలలో ఆవు పాలకు దేశమంతటా ఒకే అంకె పెట్టారు. వెన్న 3.2 శాతం, వెన్న కాక మిగిలిన ఘన పదార్థాలు, అనగా మనం ఎస్.ఎన్.ఎఫ్. అనేవి, 8.3 శాతం. అంతకు ముందు ఆవు పాల ఎస్.ఎన్.ఎఫ్. 8.5 ఉండేది. 8.5 నుంచి 8.3కు దిగడం కాగితం మీద చిన్న సంగతి. కాని పచ్చిమేత దొరకని వేసవిలో సంకరజాతి ఆవు పాలు, చుక్క నీరు కలపకపోయినా, ఎస్.ఎన్.ఎఫ్. తగ్గి రావడం మీరందరూ చూసినదే. ఆ కొద్ది తేడా లోపల నిజాయితీ గల రైతు ఉంటాడు.

ఆ తేడా ఎంత దూరం తీసుకొని పోగలదో ఒక కేసు చెబుతాము. ఉత్తరప్రదేశ్‌లో 1995లో ఒక పాల వ్యాపారి దగ్గర నమూనా తీశారు. వెన్న 4.6 శాతం వచ్చింది, ఎస్.ఎన్.ఎఫ్. 7.7 మాత్రమే వచ్చింది. 1954 నాటి చట్టం కింద కేసు నడిచి నడిచి 2019 అక్టోబరులో సుప్రీంకోర్టులో తేలింది. చట్టం ఒక ప్రమాణం పెట్టిన తరువాత తేడా కొంచెమే అనే వాదన చెల్లదని కోర్టు చెప్పి శిక్షను ఖాయం చేసింది. ఒక నమూనా సీసా మీద 24 సంవత్సరాలు గడిచినవి, చివరకు జైలు. అంకె వేసే చోట రైతు మాట వినిపించడం ఎంత అవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇప్పుడు పాత చట్టం లేదు. 2006లో పార్లమెంటు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చేసింది. 2011 ఆగస్టు 5 నుంచి దాని నిబంధనలు అమలయినవి. ప్రమాణానికి తగ్గిన ఆహారాన్ని ఈ చట్టం ప్రమాదకరమైన ఆహారంతో కలపలేదు. ఆరోగ్యానికి హాని లేక ప్రమాణం మాత్రం తగ్గితే జైలు కాక 5 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. లేబులు తప్పయితే 3 లక్షల దాకా. ఇది మంచి మార్పే. అయినా చిన్న సంఘానికి ఈ మొత్తాలు తక్కువేమీ కావు.

ఈ చట్టంలో పని రెండు చేతుల మధ్య పంచి ఉన్నది. ప్రమాణాలు, లేబులు నియమాలు రాసేది ఢిల్లీలోని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ. వాటిని నేల మీద అమలు జరిపేది ఎక్కువగా రాష్ట్రం. ఆహార భద్రత కమిషనరును నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. నమూనా తీసే అధికారి, దానిని పరీక్షించే అనలిస్టు ఆ కమిషనరు కింద పని చేస్తారు. 2014లో మన రాష్ట్రం రెండయినప్పుడు కమిషనర్లు ఇద్దరయినారు గాని చట్టం ఒకటే మిగిలింది. అనలిస్టు నివేదిక మీద అప్పీలు చేస్తే నమూనా పోయే రెఫరల్ ప్రయోగశాల మాత్రం ఢిల్లీ సంస్థ గుర్తించినది. అంటే పరీక్ష రాష్ట్రంలో, పై పరీక్ష కేంద్రం నీడలో.

ఇక లేబులు సంగతి. 2023 మార్చిలో జరిగినది మీలో చాలామంది పత్రికలలో చదివి ఉంటారు. దక్షిణాది పాల సమాఖ్యలు పెరుగు ప్యాకెట్ మీద 'కర్డ్' అనే మాట తీసివేసి 'దహీ' అని ముద్రించాలని, తమ భాష మాటను దాని పక్కన బ్రాకెట్లలో పెట్టుకోవాలని ఢిల్లీ సంస్థ ఆదేశించింది. కన్నడంలో మొసరు, తమిళంలో తయిర్, మనకు పెరుగు. తరతరాలుగా తోడు వేసిన ఇంటివాళ్ల మాట బ్రాకెట్లలోకి పోవాలన్నమాట. తమిళనాడు, కర్ణాటక సమాఖ్యలు ఒప్పుకోలేదు. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ బహిరంగంగా నిరసించారు. మార్చి 30న సంస్థ ఆదేశాన్ని సవరించింది. 'కర్డ్' అని రాసి పక్కన పెరుగు అనో, మొసరు అనో, తయిర్ అనో రాసుకోవచ్చునని తెలిపింది.

ఈ గొడవలో ఎవరు గెలిచారన్నది ముఖ్యం కాదు. ఆదేశం రాసేటప్పుడు పెరుగు తయారు చేసేవారిని, తినేవారిని ముందుగా అడిగి ఉంటే గొడవే లేదు. మరుసటి సంవత్సరం కూడా ఇట్లాంటిదే జరిగింది. ఏ1, ఏ2 పాలు అనే ప్రచారాన్ని లేబుళ్ల మీద నుంచి తీసివేయాలని 2024 ఆగస్టు 21న ఆదేశం వచ్చింది. సంప్రదింపులు జరపాలని చెప్పి 26న వెనక్కు తీసుకున్నారు. అయిదు రోజులు. ఈ లోపల లేబుళ్లు అచ్చు వేయించినవాడి గతి ఏమిటి?

లేబులు మీద ఇంకొక సంగతి ఉన్నది. నియమం ప్రకారం ప్యాకెట్ మీది వివరాలు ఇంగ్లీషులో గాని దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండి తీరాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, తెలుగు ఒక్కటే వేస్తే చాలదు. మన పాలు తాగే పల్లె ఇల్లాలికి గడువు తేదీ, టోన్డ్ పాలా చిక్కని పాలా అన్నది చదువుకొనే హక్కు ఈ నియమంలో రాలేదు. ఎవరూ బలవంతం చేయకపోయినా తెలుగు వేయడం మన ధర్మం.

అట్లాగని అధికారమంతా రాష్ట్రాలకే కావాలని మేము చెప్పడం లేదు. ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, ఒరిస్సా రాష్ట్రాలు శిక్షాస్మృతి 272వ సెక్షన్ సవరించి కల్తీకి యావజ్జీవ శిక్ష దాకా పెట్టినవి. 2016లో పాల కల్తీ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణలను ప్రస్తావించి, ప్రయోగశాలలు, నమూనాల సేకరణ సరిగా నడపాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2024 ఫిబ్రవరిలో అదే కోర్టు మరొక కేసులో, 2006 చట్టం వర్తించే నేరానికి దానినే వాడాలి గాని శిక్షాస్మృతిని కూడా కలిపి వాడరాదని తీర్పు చెప్పింది. కఠిన శిక్ష పుస్తకంలో రాసుకోవడం తేలిక. జిల్లాకు చాలినంత మంది అధికారులను, పరీక్ష పరికరాలను ఇవ్వడం కష్టం. రాష్ట్రం చేయవలసిన పని ఆ రెండవది.

మరి అసలు ముప్పు ఎక్కడ ఉన్నది? 2018లో ఢిల్లీ సంస్థ దేశంలో 1,103 పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలు తీయించింది. హానికరమైన కల్తీ తేలినవి 12. కాని అఫ్లటాక్సిన్ ఎం1 అనే విషం పరిమితి దాటినవి 368. ఈ విషం నీళ్లు కలిపితే వచ్చేది కాదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క, తడిసిన దాణా పశువు తింటే పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. పాలలో పరిమితి వేసేది ఢిల్లీ, దాణా బస్తా ఉన్నది మన కొట్టంలో. పశుపోషణ రాష్ట్ర జాబితాలోని విషయం. ఆంధ్రప్రదేశ్ 2020లో పశుదాణా తయారీ, నాణ్యత, అమ్మకాల మీద చట్టం చేసింది. ఇది రాష్ట్రం చేయదగిన పని, చేసిన పని. దాణాను వదలి పాల క్యాను దగ్గర మాత్రమే కాపలా కాస్తే రైతుకు జరిమానా మిగులుతుంది గాని తాగేవారికి మేలు జరగదు.

ఇన్ని విషయాలు చూచిన మీదట మా అభిప్రాయం ఇది. పాల ప్రమాణం దేశానికంతటికీ ఒకటిగా ఉండాలి. పాల ట్యాంకరు ఒక రాష్ట్రంలో నిండి మరొక రాష్ట్రంలో ఖాళీ అయ్యే కాలంలో హద్దుకొక అంకె నడవదు. ఆ అంకె వేసే ముందు అన్ని ప్రాంతాల పశువుల పాలను అన్ని రుతువులలో పరీక్షించాలి. అమలు రాష్ట్రం చేతిలోనే ఉండాలి, ఎందుకంటే ఎండాకాలం మేత కరువు ఏమిటో ఇక్కడి అధికారికి తెలుస్తుంది. పదార్థం పేరు, లేబులు భాష మాత్రం తినేవారి నోటి మాటను బట్టి ఉండాలి.

చివరగా సభ్యులు, సంఘాలు చేయవలసిన పనులు.

పాలన్నీ సంఘానికే పోసే సభ్యునికి 2011 నిబంధనలు విడిగా రిజిస్ట్రేషన్ అక్కరలేదని మినహాయింపు ఇచ్చినవి. కొన్ని పాలు సంఘానికి పోసి కొన్ని హోటలుకు అమ్మేవారికి ఈ మినహాయింపు వర్తించదు. ఈ సంగతి ప్రతి సభ్యునికీ చెప్పండి.

అధికారి నమూనా తీస్తే దానిని నాలుగు భాగాలు చేయాలి. ఒకటి అనలిస్టుకు, రెండు భద్రపరచడానికి జిల్లా అధికారికి పోతవి. నాలుగవది గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపమని కోరే హక్కు మనకు ఉన్నది. ఖర్చు మనది. నివేదిక ప్రతికూలంగా వస్తే 30 రోజులలో అప్పీలు చేయాలి. నివేదిక అందిన తేదీని కార్యదర్శి ఆ రోజే పుస్తకంలో రాయవలెను.

దాణా బస్తాలు నేలకు ఆనకుండా చెక్కల మీద పెట్టండి. బూజు వాసన వచ్చిన చెక్క ఎంత ఖరీదైనదయినా పశువుకు పెట్టవద్దు. పొదుగు వాపుకు సూది మందు వేయించినప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు క్యానులో కలపవద్దు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. కొత్త ప్రమాణం పెట్టే ముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు కోరాలని 2006 చట్టమే చెబుతున్నది. ఆ గడువులో పెద్ద కంపెనీల ఉత్తరాలు తప్పకుండా చేరుతవి. మన ఉత్తరాలు చేరవు. అందుచేత ప్రతి సంఘం నెలనెలా తన పాల వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. సగటులను, ఆవు పాలకు వేరుగా, గేదె పాలకు వేరుగా రాసి మాకు పంపండి. వేసవి నెలల లెక్కలు తప్పక పంపండి. ఈసారి ముసాయిదా వచ్చినప్పుడు మేము తీసుకొని పోవలసినది ఆ లెక్కల పుస్తకమే. అది మీ దగ్గర నుంచి రావాలి.

సెలవు.